బేరమాడి నింపిన ఫారం

బస్తా మూతి దగ్గర కనబడే గింజని నేను ఏనాడూ నమ్మలేదు. నలభై రెండేళ్లుగా గోధుమ, మొక్కజొన్న కొని అమ్ముతున్నాను. అమ్మవచ్చినవాడు బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి నా అరచేతిలో పోస్తాడు. అవి మెరుస్తుంటాయి. నేను వాటివైపు చూడను. నా బల్ల పక్కన మేకుకి మూరెడు ఇనుప గొట్టం వేలాడుతుంటుంది. దాన్ని బస్తా నడుముకి గుచ్చి వెనక్కి లాగితే మధ్యలో సరుకు జారి పళ్లెంలో పడుతుంది. ఒక్కోసారి నల్లగా ఉండకట్టిన గింజలు పడతాయి, వాటిని చుట్టుకుని పురుగు అల్లిన తెల్లటి దారాలు, తడి గుడ్డ కుళ్లినట్టు ముక్క వాసన. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. "ఛీ, తీసుకుపో" అంటాను. "పైన బాగానే ఉంది కదా షావుకారు గారూ" అంటాడు వాడు. పైన అందరిదీ బాగానే ఉంటుంది.

ఇలాంటి నేను నా మనవరాలి విషయంలో బస్తా మూతికి మంచి గింజలు పేర్చాను. చెప్పుకుంటే గౌరవం పెరిగే సంగతి కాదు. అయినా చెప్పాలి.

ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. మా ఆవిడ పెట్టిన పేరు. ధాన్యం కొట్లో తిరుగుతూ గింజ ముట్టని పిచ్చుక అని మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. పిచ్చుకకి ఇరవై రెండు నెలలు. దాని తిండి మూడు రకాలు. నీలం కప్పులో చల్లటి పాలు, ఒక రకం పొడి బిస్కట్టు, విరగని అరటిపండు. పండు విరిగితే పని అయిపోయినట్టే. మెత్తగా, తడిగా, ముద్దగా ఉన్నది ఏది కళ్లబడినా దాని భుజాలు చెవుల దాకా లేస్తాయి, నాలిక బయటికొస్తుంది, ఖాళీ కడుపుతోనే డోకుతుంది. వేలికి తడి అంటితే ఆ చేతిని ఒంటికి దూరంగా, ఎవరిదో చెయ్యి తనకి తగిలించినట్టు పట్టుకుని కేకలు పెడుతుంది.

దాని తల్లి, నా కూతురు, పోస్టాఫీసు కౌంటర్లో పని చేస్తుంది. అల్లుడు ఓడలో వంటవాడు. వందమందికి వండిపెడతాడు, కన్నకూతురు ఒక్క ముద్ద మింగడం ఇంతవరకూ చూడలేదు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మేడ దిగలేదు. కాబట్టి నాలుగు నెలలుగా తొమ్మిది నుంచి అయిదు దాకా పిచ్చుక కొట్లో నా దగ్గరే. ప్రతి సోమవారం చిన్న కాటా మీద కూచోబెట్టి తూస్తాను, గోడ మీద సుద్దతో రాస్తాను. తొమ్మిది కిలోల నాలుగు వందలు. మళ్లీ తొమ్మిది నాలుగు వందలు. నెల పోయాక తొమ్మిది మూడు వందలు. ఎదగాల్సిన పిల్ల తరుగుతోంది. ధాన్యం ఎండితే తరుగుతుంది. పిల్ల తరిగితే దానికి నా దగ్గర లెక్క లేదు.

పిల్లల డాక్టరు చూసి, లోపల జబ్బేమీ లేదని, పసిపిల్లల కేంద్రానికి వెళ్లమని రాసిచ్చాడు. చర్మానికి తగిలేవి, చెవికి వినబడేవి, నోటికి రుచించేవి కొందరు పిల్లలకి మోతాదు మించి తాకుతాయట. మనకి ఈక తగిలినట్టుండేది వాళ్లకి ముల్లు గుచ్చినట్టు ఉంటుందట. కేంద్రంవాళ్లు ముందు పిల్లని చూడరు. ఫారం ఇస్తారు. రోజులో ఎక్కువసేపు పిల్లని చూసుకునేవాళ్లు దాన్ని నింపాలి. యాభై ఒక్క ప్రశ్నలు. ఒక్కోదానికి అయిదు గడులు: ఎప్పుడూ ఇంతే, చాలాసార్లు, సగం సార్లు, అరుదుగా, అసలు లేదు. ఒక్కో గడికి ఇన్ని గుర్తులని లెక్క. వాటి మొత్తం ఒక గీత దాటితే వారానికి రెండు రోజులు పిల్లని చేర్చుకుంటారు. దాటకపోతే ఆర్నెల్ల తర్వాత మళ్లీ రమ్మంటారు. అక్కడున్నవి తక్కువ చోట్లు, బయట నిలబడ్డవాళ్లు ఎక్కువ.

"నువ్వే నింపు నాన్నా" అంది నా కూతురు. "పగలంతా నీ దగ్గరే కదా. పైగా నువ్వు లెక్క మనిషివి. చూసింది చూసినట్టు రాస్తావు."

నా మీద దానికున్న నమ్మకం అంత.

ఆదివారం ఫారం బల్ల మీద పరిచాను. మా అక్క వచ్చింది. నాకన్నా పదకొండేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఇంట్లో ఆవిడ ఒక మాట అంటే అది రెండోసారి తూచక్కర్లేదు. కళ్లజోడు సవరించుకుని నా పక్కన కూచుంది. మా ఆవిడ మంచం మీంచి వింటోంది. కూతురు స్నానాలగదిలో పిచ్చుకకి నీళ్లు పోస్తోంది.

చదవగానే నాకు రోత పుట్టింది. మా పిల్ల చొంగ గురించి, ముక్కు గురించి, అది దేన్ని నాకుతుంది, దేన్ని చూసి డోకుతుంది అని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు అచ్చేసి అడుగుతున్నారు. సరుకులో చచ్చిన పురుగులు ఎన్ని, బతికున్నవి ఎన్ని అని అడిగే కాగితం నాకు తెలుసు. ఇదీ అలాగే కనబడింది. అమ్మేవాడి బుద్ధి అక్కడే నాలో లేచింది.

"పద్నాలుగు" అని చదివాను. "ఒళ్లు కడిగినా, మొహం తుడిచినా ఏడుస్తుంది, పెనుగులాడుతుంది."

అప్పుడే స్నానాలగదిలోంచి పిచ్చుక అరుపు మొదలైంది. మామూలు ఏడుపు కాదు. ఊపిరి అందని అరుపు. నేను మొదటి గడి మీద పెన్ను పెట్టాను.

"ఏం రాస్తున్నావురా?" అంది అక్క.

"ఉన్నదే రాస్తున్నాను."

"ఉన్నదంతా ఎక్కడైనా రాస్తారా? స్నానానికి ఏడవని పిల్ల ఎవరు? అసలు లేదు అని పెట్టు."

"అసలు లేదా? నీకు వినబడటం లేదూ?"

"నాకు చెవుడు."

మా ఆవిడ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

"పోనీ, చాలాసార్లు" అన్నాను.

"అరుదుగా."

"అక్కా, మరీ అంత తగ్గిస్తే ఎలా?"

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. సగం సార్లు పెట్టి ముందుకు పద."

పెట్టాను. లోపల పిల్ల అరుస్తూనే ఉంది. "ఆ తలుపు వెయ్యమను, పదిహేనోది వినబడటం లేదు" అంది అక్క, చెవుడున్న అక్క.

పదిహేను, పదహారు, పదిహేడు. ప్రతిదానికీ ఇదే వరస. నేను ఒక గడి అంటాను, అక్క రెండు గడులు దించుతుంది, మధ్యలో కలుస్తాం. ఇరవయ్యో ప్రశ్న దాటాక అక్క అడగక్కర్లేకపోయింది. నేనే ఒక గడి తగ్గించి మొదలుపెట్టాను, ఎలాగూ బేరం తెగాల్సింది అక్కడే కదా అని. తిండి ప్రశ్నల దగ్గర మా ఆవిడ గొంతు సన్నగా వచ్చింది.

"అవి మాత్రం సరిగ్గా రాయండీ. పిల్ల ఏమీ తినడం లేదు."

"నువ్వూరుకో మరదలా" అంది అక్క. "మూడు రకాలు తింటోంది కదా. ఏమీ తినకపోవడం అంటే ఏమీ తినకపోవడం. మన వంశంలో ఇలాంటివి లేవు. రేపు ఆ కాగితం బడిదాకా పిల్ల వెనకాలే నడుస్తుంది."

అరుదుగా అని పెట్టాను.

ఒక్క ప్రశ్న దగ్గర బేరం జరగలేదు. "ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే బెదిరి ఏడుస్తుంది." అసలు లేదు అని నేనే పెట్టాను. నిజంగానే కొట్లో ఈ నాలుగు నెలల్లో చప్పుడుకి పిచ్చుక ఏడవలేదు. ఈ ఒక్కటైనా నికార్సుగా రాశాను అనుకున్నాను. చివర్లో పెద్ద ఖాళీ గడి ఉంది. మీరు చెప్పదలచుకున్నవి ఇంకేమైనా ఉంటే రాయండి అని. ఏమీ లేవు అని రాసి సంతకం పెట్టాను.

మంగళవారం నేనూ కూతురూ పిచ్చుకని తీసుకుని కేంద్రానికి వెళ్లాం. గోడలకి లేత ఆకుపచ్చ రంగు, నేల మీద మెత్తటి చాపలు, బొమ్మల మీద ఏవో మందునీళ్ల వాసన. థెరపిస్టు ముప్పై ఏళ్లు లేని అమ్మాయి, జుట్టు కురచగా కత్తిరించుకుంది. గుర్తులన్నీ వేలితో కూడుతూ పోయింది, ఇంకో కాగితం పక్కన పెట్టి చూసింది.

"గీతకి నాలుగు తక్కువ ఉందండీ" అంది. "మామూలు పిల్లల్లో ఇది ఉండేదే. ఆర్నెల్లాగి మళ్లీ చూద్దాం."

సరుకు నెగ్గిన సంతోషం నాకు గుండెల్లో పొంగింది. దాచను. నాలుగు గుర్తులతో నెగ్గాను అనుకున్నాను.

నా కూతురు మాత్రం కదల్లేదు. "తొమ్మిది కిలోలుందండీ ఇది. మూడు రకాలే తింటుంది."

"తిండి ప్రశ్నలన్నిటికీ అరుదుగా అనే ఉందండీ ఇందులో" అని ఆ అమ్మాయి ఫారం ఇటు తిప్పింది. "చూసుకునేవాళ్లు ఇచ్చిన దాన్ని బట్టే మేము వెళ్లాలి. పాప ఇక్కడ అరగంట ఉంటుంది, మీ దగ్గర రోజంతా ఉంటుంది కదా."

కూతురు ఫారం చేతిలోకి తీసుకుంది. ఒక్కో పేజీ చదివింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. నావైపు చూసింది. పరాయివాళ్ల ముందు తండ్రిని మాట అనకూడదని ఊరుకుంది. నేను ఆ మర్యాదకి తగినవాణ్ని కానని నాకు ఆ క్షణమే తెలుసు.

బయట బస్సు కోసం నిలబడ్డాం. పిచ్చుక దాని భుజం మీద తల వాల్చింది. గొంతు పెంచకుండా అడిగింది.

"కొట్టు షట్టరు కింద గోనెపట్టా ఎందుకు పరుస్తున్నావు నాన్నా?"

"చప్పుడు కాకుండా."

"కాటా పళ్లేనికి గుడ్డ ఎందుకు కట్టావు?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"హమాలీలు నిన్ను పిలవడం మానేసి చేతులూపుతారెందుకు? నేల మీద గింజలు పడితే దాన్ని ఎత్తుకుని దాటిస్తావెందుకు? చప్పుడు ప్రశ్నకి అసలు లేదు అని రాశావే. ఎందుకు లేదు? నువ్వు రానివ్వడం లేదు కాబట్టి లేదు."

"అక్క..."

"అత్త సంతకం పెట్టలేదు. నువ్వు పెట్టావు." బస్సు వచ్చింది. మెట్టెక్కుతూ ఒక్క మాట అంది. "ఆర్నెల్లు నాన్నా. దీని దగ్గర తరగడానికి ఇంకేం ఉంది?"

మర్నాడు షట్టరు దించుతుంటే గోనెపట్టా నా కంటబడింది. నాలుగు నెలలుగా రోజూ రెండు పూటలా పరిచే పట్టా. దాని మీదకి వంగినప్పుడల్లా మసి, ఎలుక వాసన వేస్తుంది, ముక్కు మూసుకుని పరుస్తాను. చేతులారా చేసే పని, రాసేటప్పుడు బుర్రలోకి రాలేదు. బేరమాడి తగ్గించినవి అబద్ధాలు, అవి నాకు తెలిసి రాసినవి. బేరం లేకుండా రాసింది ఇంకా పెద్ద అబద్ధం, అదే నాకు తెలియలేదు. ఎదుటివాడు ఇలా చేస్తే గొట్టం గుచ్చి పట్టుకునేవాణ్ని. నాకు నేను గుచ్చుకోలేదు.

సోమవారం తూచాను. తొమ్మిది నూట యాభై. సుద్దతో రాసి, ఆ అంకెని చూస్తూ నిలబడ్డాను. గోడ మీద అంకెలు కిందికి దిగుతున్నాయి, నా చేతి రాతలోనే. అక్క ఇంటికి వెళ్లాను.

అక్క ఎండలో కూచుని దిండు గలీబు కుడుతోంది.

"మన వంశంలో ఇలాంటివి లేవన్నావు" అన్నాను, చెప్పులు విప్పకుండానే.

"లేవు."

"నిజం చెప్పక్కా."

సూది ఆగింది. చాలాసేపు నా చేతుల వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. రోజుకి ఇరవైసార్లు కడుక్కునే చేతులు. జేబులో ఎప్పుడూ పొడి రుమాలు. అరవై రెండేళ్లొచ్చాయి, నా ఇంట్లో నేను ఏదైనా చెంచాతోనే తింటాను, పులుసుకూర, పిండిముద్ద ముట్టుకోను. శుభ్రం ఎక్కువ మనిషినని అందరూ అంటారు. నేనూ అలాగే చెప్పుకునేవాణ్ని.

"నువ్వు ఏడేళ్లదాకా పొడి రొట్టె తప్ప తినలేదురా" అంది అక్క. "నాన్నకి తెలిస్తే చంపేసేవాడు. కొంగులో దాచి, దొడ్లోకి తీసుకెళ్లి పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఏమైంది? పెద్దవాడివి కాలేదా? కొట్టు పెట్టలేదా?"

"నాన్నకి ఎప్పుడూ తెలియలేదా?"

"అది వదిలెయ్."

వదలడానికి వీల్లేకుండా అది నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కడ పడి ఉందో గానీ మూత తీయగానే వాసనతో సహా పైకొచ్చింది. ఒక సత్తు పళ్లెం. నా ముక్కు మూసి నాన్న నోట్లో కుక్కిన మెత్తటి ముద్ద. నేను పళ్లెంలోనే కక్కాను. పళ్లెం తియ్యనివ్వలేదు. "ఇదే తింటావు" అన్నాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు అక్క ఆ పళ్లెంలోది గోడ అవతల పారబోసి, నేను తినేశానని అబద్ధం చెప్పింది.

అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది. "దాచితేనే బతికావురా నువ్వు. అందుకే దాచమన్నాను."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనే వెళ్లాను. కోపం దొరకలేదు. అసహ్యం మిగిలింది. ఆ పళ్లెం మీద, ఆ మనిషి మీద, అది మరిచిపోయి శుభ్రం మనిషినని తిరిగిన నా మీద. కూతురికి పన్నెండు పదమూడేళ్లప్పుడు అది ముద్ద వదిలేస్తే "తినకపోతే లేవకు" అని నేనే ఓసారి బల్ల మీద కొట్టాను. అదీ గుర్తొచ్చింది.

"ఇక దాచొద్దక్కా" అన్నాను. "నన్ను దాచడానికి దొడ్డి సరిపోయింది. పిచ్చుకకి సరిపోదు."

కొట్టుకి వచ్చి ఒక కాగితం తీసుకున్నాను. పిచ్చుక ఏం చేస్తుంది అని రాయలేదు. దాని కోసం మేమేం చేస్తున్నాం అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరసగా రాశాను. షట్టరు కింద పట్టా. కాటాకి గుడ్డ. దాని చొక్కా మెడ దగ్గర చీటీలు కత్తిరించడం. తడి గుడ్డ బదులు పొడి గుడ్డ. అది గదిలో ఉంటే ఫ్యాను ఆపడం. నీలం కప్పు కడిగి ఎండబెట్టి తుడిచి మళ్లీ ఎండబెట్టడం. అరటిపండు రెండు చేతులతో, పురిటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని తొక్క తియ్యడం. హమాలీల్ని అడిగితే నాకు తెలియనిది ఇంకొకటి చెప్పారు. దాని ఎదుట ఎవరూ తుమ్మరట. తుమ్ము వస్తే బస్తాల వెనక్కి పరుగెడతారట. మొత్తం ఇరవై ఆరు.

మర్నాడు ముందు చెప్పకుండానే కేంద్రానికి వెళ్లాను. వసారా నిండా తల్లులు, పిల్లలు. థెరపిస్టు తలుపు తీసి ఎవరినో పిలవబోతుంటే ముందుకి వెళ్లాను.

"అమ్మా, నేనిచ్చిన ఫారం వెనక్కి తీసుకుంటాను. అది తప్పుడు సరుకు."

వసారాలో అందరూ నావైపు చూశారు. ఆ అమ్మాయి నన్ను లోపలికి తీసుకెళ్లి కాగితం చదివింది. తుమ్ముల దగ్గర నవ్వు ఆపుకుంది, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇలా చాలామంది చేస్తారు తాతగారూ" అంది. "కావాలని కొందరు, తెలియక కొందరు."

"నేను రెండూ చేశాను. మా అక్కతో బేరమాడి గడులు దించాను. ఒక్కటి మాత్రం బేరం లేకుండానే తప్పు రాశాను."

"బేరమా?" అంది. చెప్పాను. నోరు తెరుచుకుని వింది. ఆ మొహంలో నాకు కావలసిందే కనబడింది, పురుగు పట్టిన గింజని చూసేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అలా. తేరుకుని అంది, "ఒకసారి తీసుకున్న ఫారం ఆర్నెల్లదాకా మార్చకూడదని ఇక్కడ పద్ధతి. అది నిజం కాదని, ఎందుకు కాదో, నింపినవాళ్లే స్వయంగా రాసిస్తే మా పెద్ద మేడమ్ ముందు పెట్టగలను. అది పాప ఫైల్లోనే ఉంటుందండీ, ఎప్పటికీ."

నలభై రెండేళ్లలో నేను ఇచ్చిన సరుకు వెనక్కి రాలేదు. బజారులో నా మాట మీద బస్తాలు విప్పకుండా కొంటారు. పెన్ను తీసి రాశాను. నా మనవరాలి గురించి నేను నింపిన కాగితం అబద్ధం, అది బాగున్నట్టు కనబడాలని తెలిసి చేశాను, దాని బరువు తగ్గుతోందని తెలిసీ చేశాను. కింద సంతకం. అక్క పేరు రాయలేదు. బల్ల మీద వంగినప్పుడు నా చెమట కాగితం మీద పడింది. నా ఒంటిదే, అయినా రోతగా తోచి రుమాలుతో అద్దాను.

పెద్ద మేడమ్ ఒప్పుకుంది. రెండో ఫారం నేనూ కూతురూ కలిసి నింపాం. ఏ ఏర్పాటూ చెయ్యని రోజు పిల్ల ఎలా ఉంటుందో తలుచుకుని గుర్తు పెట్టమంది థెరపిస్టు. అలాంటి రోజు తలుచుకోవడానికే మాకు చాలాసేపు పట్టింది. ప్రతి గడి దగ్గర కూతురు నా మొహం చూసేది. నేను "ఎప్పుడూ ఇంతే" అనేవాణ్ని. అది కాదనలేదు. గీత దాటి ముప్పై ఒకటి ఎక్కువొచ్చింది. గురువారం రమ్మన్నారు.

గురువారం మెత్తటి చాప మీద ఒక వెడల్పాటి పళ్లెం పెట్టారు. అందులో నీళ్లు పోసి కలిపిన గోధుమపిండి, జారుగా, బంకగా, అక్కడక్కడా బుడగలతో. పిచ్చుక దాన్ని చూడగానే భుజాలు పైకి లేపింది. నా భుజాలూ లేచాయి. నా కూతురు అది చూసింది. నన్ను చూసి, దాన్ని చూసి, మళ్లీ నన్ను చూసింది. అంతవరకూ దానికీ తెలియదు.

"పాపని ముట్టుకోమని ఎవరూ అనొద్దు" అంది థెరపిస్టు. "చెయ్యి పట్టుకుని పెట్టించొద్దు. తనకి నమ్మకమున్న మనిషి ఎవరైనా ముందు చెయ్యి పెడితే తను చూస్తుంది. ఇవాళ చూస్తే చాలు. అమ్మ పెడతారా?"

కూతురు గాజులు పైకి తోసుకుంది. "ఆగమ్మా" అన్నాను. "పగలంతా నా దగ్గరే కదా ఉండేది."

చొక్కా చెయ్యి మడిచాను. రుమాలు తీసి కూతురి ఒళ్లో పడేశాను, జేబులో ఉంటే చెయ్యి దాని కోసమే వెళుతుందని. పిండిలో చెయ్యి పెట్టాను. చల్లగా వేళ్ల సందుల్లోకి ఎక్కింది. గోళ్ల కిందికి దూరింది. గొంతులోకి ఏదో ఎగదన్నింది, సత్తు పళ్లెం కళ్ల ముందు తిరిగింది. నోరు మూసుకుని మింగాను. ఛీ ఛీ అనుకుంటూనే ఉన్నాను. చెయ్యి తియ్యలేదు.

"బాగుందా తాతగారూ?" అంది థెరపిస్టు, పిల్ల కోసం నవ్వుమొహంతో.

"బాగాలేదమ్మా" అన్నాను. "చాలా అసహ్యంగా ఉంది."

పిచ్చుక ఏడవలేదు. నా మొహం వైపు చూసింది. దాని నాలిక బయటికొచ్చింది, నాదీ వచ్చే ఉంటుంది. తల్లి ఒళ్లోంచి దిగి, పళ్లేనికి జానెడు దూరంలో ఆగింది. చాలాసేపు నిలబడింది. తర్వాత చూపుడువేలు చాచి, పిండి అంటని చోట, నా మణికట్టు మీద పెట్టింది.

"అంతే, ఇవాళ్టికి అంతే" అంది థెరపిస్టు నెమ్మదిగా.

ఎవరమూ కదల్లేదు. పిండి నా చేతి మీద ఎండడం మొదలుపెట్టింది, చర్మం బిగుసుకుంటోంది. పిచ్చుక వేలు తీసేదాకా చెయ్యి అలాగే ఉంచాను.